ఎడమకు ఒరిగిన ఇల్లే మేలు

ఇల్లు నిటారుగా ఉండాలని మొట్టమొదట అన్న మనిషి ఎవరో గానీ, ఒరిగిన ఇంట్లో ఒక్క పూటైనా గడిపి ఉండడు. గడిపి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకునేవాడు!

నవ్వండి. నిటారు ఇళ్ళలో కూర్చుని నవ్వడం తేలికే. కానీ మీ కళ్ళజోడు పోయిందనుకోండి, ఏం చేస్తారు? మంచం కింద చూస్తారు, దేవుడి గూట్లో చూస్తారు, బియ్యం డబ్బాలో చెయ్యి పెడతారు, ఇంట్లో అందరినీ కసురుకుంటారు. చివరికి అది మీ నెత్తి మీదే ఉంటుంది. అదే ఇల్లు ఎడమకు ఒరిగి ఉంటే? కలం గానీ, వక్కపలుకు గానీ, చొక్కా బొత్తాం గానీ, చెయ్యి జారినదల్లా ఎడమ గోడ మొదట్లో చేరి యజమాని కోసం బుద్ధిగా కాచుకుని ఉంటుంది. వెతుకులాట అనే బాధను మానవజాతికి తప్పించగలిగింది ఒరిగిన ఇల్లు ఒక్కటే!

భోజనం సంగతి చూడండి. నిటారు ఇంట్లో విస్తరి ముందు కూర్చుంటే చారు ఎటు పారుతుందో చెప్పగల పండితుడు ఉన్నాడా? ఒరిగిన ఇంట్లో సంగటి ముద్ద ఉన్నచోటే ఉంటుంది, నంజుకునే ఊరుబిండి ఉన్నచోటే ఉంటుంది, చారు మాత్రం తన దారిన తాను ఎడమకు పోతుంది. కుడి పక్కన అప్పడం చివరిదాకా కరకరలాడుతూనే ఉంటుంది.

ఇక చుట్టాలు. పది రోజులుందామని వచ్చిన చుట్టం ఒరిగిన ఇంట్లో కుర్చీ మీద కూర్చుంటాడు. జారతాడు. సర్దుకుంటాడు. మళ్ళీ జారతాడు. రెండో పూటకే నడుం పట్టుకుని, ఊళ్ళో పనులున్నాయని జ్ఞాపకం తెచ్చుకుంటాడు. ఒక్క మాట అనకుండా, ఒక్క ముఖం మాడ్చకుండా చుట్టాన్ని సాగనంపగల ఉపాయం ఇంకేదైనా ఉందా?

అంతదాకా ఎందుకు, మనం నిలబడిన ఈ భూమి నిటారుగా ఉందా? పక్కకు ఒరిగే కదా తిరుగుతోంది! ఆ ఒరుగు లేకపోతే ఎండాకాలం లేదు, వానాకాలం లేదు, మామిడికాయ లేదు, ఆవకాయ లేదు. భూగోళానికి లేని నామోషీ ఒక మోటారు బండికి ఎందుకు?

ఈ చివరి ప్రశ్న నాది కాదు. మదనపల్లెలో బడిపిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన నరసింహులు మాస్టారిది.

యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత ఆంబులెన్సు బండి ఒకటి మాస్టారి చేతికి వచ్చింది. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆయన బెత్తం కొసతో పటం మీద హిమాలయాలు ఎక్కించాడు, సేతువు దాటించాడు. తన కళ్ళతో చూసింది మాత్రం పటం మీద వేలిగోరంత మేర. "రిటైరైనాక ఊర్లు తిరుగుదాం" అని భార్య మునిలక్ష్మి అంటూ ఉండేది. ఆయన రిటైరు కావడానికి ఇంకా కొన్ని నెలలుండగా జ్వరం వచ్చి ఆమె పోయింది. పిల్లలు లేరు. మాస్టారు అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఆంబులెన్సుకు కిటికీలు పెట్టించి, లోపల పలకలు పరిపించి, అటక కట్టించి మోటారు ఇల్లు చేశాడు. పెట్రోలు కూపన్లు దొరికిన మేరకు ఊళ్ళు తిరగవచ్చు. డ్రైవరు ఖాదర్ వలి. యుద్ధంలో బర్మా సరిహద్దు దాకా బండి తోలి వచ్చిన మనిషి. ముందు సీటే అతని మంచం.

సామాను సర్దడంలో మాస్టారిది ఒకటే పద్ధతి. పీటల మీద భార్య ఎడమ పక్కన కూర్చోవాలి కదా. కనక మునిలక్ష్మి సామానంతా ఎడమ పక్కన. రుబ్బురోలు, దాని పొత్రం, తిరగలి, నీళ్ళు కాచుకునే రాగి కాగు, ఇత్తడి బిందెలు, పుట్టింటి నుంచి ఆమెతో వచ్చిన టేకు భోషాణం. కుడి పక్కన ఆయన సామాను. నవారు మంచం, గొడుగు, లాంతరు, చుట్టిపెట్టిన ఇండియా పటం. పుస్తకాలు ముందే బడికి ఇచ్చేశాడు.

సర్దడం అయ్యాక దిగి, దూరంగా నిలబడి చూసుకున్నాడు. ఇల్లు ఎడమకు ఒరిగి ఉంది, పక్కన ఎవరో మెల్లగా చెబుతున్న మాట వినడానికి వంగిన మనిషిలా.

ఆయనకు అది బాగానే అనిపించింది. కళ్ళజోడు దొరుకుతోంది. అప్పడం కరకరలాడుతోంది. చిక్కల్లా కుప్పంలో ఉన్న అక్కమ్మతో వచ్చింది.

అక్కమ్మ మాస్టారి తోడబుట్టిన అక్క. ఎన్నో ఏళ్ళ కిందటే భర్త పోయాడు. కుప్పంలో మట్టిగోడల ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఒక గోడ ఒరిగితే, ఎన్నాళ్ళుగానో ఒరిగే ఉంది కదా అని ఊరుకుంది. కిందటేడు వానలకు ఆ గోడ ఆమె పడుకున్న చాప పక్కనే కూలింది. అప్పటినుంచీ స్టేషను దగ్గర ఒక బంధువుల వసారాలో ఉంటూ, వాళ్ళకు వండిపెడుతోంది. అక్కకు తను, తనకు అక్క తప్ప ఎవరూ మిగల్లేదు కనక, వచ్చి నా ఇంట్లో ఉండమని మాస్టారు కబురు పెట్టాడు. బస్సు కండక్టరు జవాబు పట్టుకొచ్చాడు. "వస్తా. ఇల్లు ఒరిగి ఉండాదని ఆ పక్కోళ్ళూ ఈ పక్కోళ్ళూ చెప్తాండారు. ఒరిగి ఉంటే మాత్రం కాలు పెట్టను. ఒకసారంటే దేవుడు తీరిగ్గా ఉండి కాపాడినాడు. రెండోసారి ఆయనకేం పనో."

కనక కుప్పం చేరేలోగా ఇల్లు నిటారు కావాలి. లేకపోతే ఆమె ఆ వసారాలోనే, ఆయన ఈ బండిలోనే.

చూశారా! శుభ్రంగా ఉన్న ఇంటిని బాగు చెయ్యాలనుకోవడంతోనే కష్టాలన్నీ మొదలవుతాయి.

మొదటి వైద్యం మదనపల్లెలోనే జరిగింది. మెకానిక్ అబ్దుల్ గఫార్ షెడ్డుకు బండిని తీసుకుపోయారు. మాస్టారు తన పరికరం బయటికి తీశాడు. నిమ్మకాయ. బండి నట్టనడుమ పలక మీద పెట్టి వదిలితే అది ఎడమకు దొర్లి, రుబ్బురోలుకు తగిలి ఆగింది.

గఫార్ టైర్లలో గాలి చూశాడు. చక్రానికీ పైన రేకుకూ మధ్య చెయ్యి పెట్టి కొలిచాడు. కుడి పక్కన జానెడు సందుంది, ఎడమ పక్కన నాలుగు వేళ్ళే. ఆ తర్వాత తలుపులోంచి తల లోపలికి పెట్టాడు. ఎడమ పక్క చూశాడు. కుడి పక్క చూశాడు. తల బయటికి తీసి, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"కమాను కట్టల జబ్బు అయ్యోరా," అన్నాడు. చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీలను షెడ్డుల్లో అలా అంటారు.

"ఎట్లా చెప్తావు?"

"మిలిటరీ బండి గదా. దెబ్బలు తగిలినోళ్ళను ఎడమ పక్కనే పండబెట్టినట్టుండారు. ఇనుము గూడా అలిసిపోతాది అయ్యోరా."

జాకీ పెట్టి, చక్రాలూడదీసి, ఎడమ కట్ట కుడికి, కుడి కట్ట ఎడమకు మార్చాడు. కట్టలో జబ్బుంటే ఇల్లు ఈసారి కుడికి ఒరగాలి. నిమ్మకాయ ఎడమకే దొర్లి రోలుకు తగిలింది.

"ఇంగ రోడ్డుదే తప్పు," అన్నాడు గఫార్.

ఖాదర్ వలి బండిని తిప్పి, అదే చోట ముఖం అటు పెట్టి నిలిపాడు. నిమ్మకాయ రోలు దగ్గరికే పోయింది.

గఫార్ చాలాసేపు ఆలోచించాడు. "కాయ మార్చి సూడండి అయ్యోరా. కొన్ని కాయలు పుట్టుకతోనే అట్లుంటాయి."

కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. "నయం గాని జబ్బుకు కూలేంది," అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఇంతలో షెడ్డు చుట్టూ ఊరు చేరింది. ఇరుసు వంగిందని ఒకరు, బండి నైరుతిలో బరువు లేదని ఒకరు, ఎవరిదో దిష్టి తగిలిందని ఒకరు. బల్ల తెచ్చి కూర్చున్నవాళ్ళున్నారు. టీ తెప్పించినవాళ్ళున్నారు. పాఠకులు గమనించాలి. నిటారు బండి చుట్టూ ఇంతమంది ఎప్పుడైనా చేరారా? మునిలక్ష్మి పోయిన తర్వాత మాస్టారి చుట్టూ అంతమంది మనుషులు చేరి అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఎవరు ఏ జబ్బు చెప్పినా ఆయన శ్రద్ధగా విన్నాడు. దిష్టి చెప్పినతన్ని కూడా మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.

రెండో వైద్యం పుంగనూరులో.

పుంగనూరు ఆవులు మీకు తెలుసు. నడుము దాకా రాని ఆవులు, ఇంటి గడప దాటి లోపలికి వచ్చినా తలుపుకు తగలని ఆవులు. సంత పక్కన బండి ఆపితే, చిట్టి అనే తన ఆవును తోలుకుపోతున్న తిమ్మప్ప ఆగాడు. ఇంటిని చూశాడు. చుట్టూ తిరిగాడు. కిటికీలోంచి లోపలికి చూసి, ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. తర్వాత తలపాగా సర్దుకుని మాస్టారి దగ్గరికొచ్చాడు.

"కుడి పక్క బరువు పెట్టాల అయ్యోరా."

"రాళ్ళు వేద్దామా?"

"రాళ్ళేస్తే రాళ్ళే. ఆవునేస్తే పాలు గూడా ఉంటాయి గదా."

భూగోళ శాస్త్రంలో దీనికి ఆక్షేపణ ఏమీ కనిపించలేదు. పలక వాలుగా వేశారు. చిట్టి మర్యాదగా ఎక్కి, కుడి పక్కన మంచం దగ్గర నిలబడింది. ఇల్లు కిర్రుమంటూ లేచింది. మాస్టారు నిమ్మకాయ పెట్టాడు. అది అక్కడే నిలిచింది! ఖాదర్ వలి చప్పట్లు కొట్టాడు. తిమ్మప్ప మీసం దువ్వుకున్నాడు. కుప్పంలో అక్కమ్మ కుడికాలు పెట్టి లోపలికి రావడం మాస్టారికి కళ్ళకు కట్టింది.

అప్పుడు చిట్టికి వాసన తగిలింది. ఏళ్ళ తరబడి ఉప్పూ, చింతపండూ, ఎండుమిరపకాయలూ నూరిన రోలు అది. ఎంత కడిగినా రాతిలో రుచి మిగులుతుంది. చిట్టి మెల్లగా నాలుగడుగులు వేసి ఎడమ పక్కకు పోయి, రోలును నాకడం మొదలుపెట్టింది.

ఇల్లు ఒక్కసారిగా కూలబడినట్టు ఎడమకు వాలింది. బిందెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ముందు సీట్లోకి ఎక్కబోతున్న ఖాదర్ వలి రోడ్డు మీద కూర్చున్నాడు. నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి చిట్టి ముట్టె ముందు ఆగింది. చిట్టి దాన్ని కూడా తినేసింది.

"ఒకావు సాల్లేదు," అన్నాడు తిమ్మప్ప, ఏమాత్రం తొణక్కుండా. "మా వదినోళ్ళది ఇంగొకటుండాది. తెస్తునా?"

"వద్దప్పా. రెండూ కలిసి రోలు దగ్గరికే పోతే?"

తిమ్మప్ప ఆవు వంక చూశాడు, రోలు వంక చూశాడు, మాస్టారి వంక చూశాడు. ఏదో అనబోయి మానుకున్నాడు. ఆవును దించుకుపోయి, కాసేపటికి చెంబుడు పాలూ, తన పెరటి చెట్టు నిమ్మకాయ ఒకటీ తెచ్చి ఇచ్చాడు. ఒరిగిన ఇల్లు పాలు కూడా ఇస్తుందని నేను వేరే చెప్పనక్కర్లేదు.

పలమనేరు మీదుగా కుప్పం దారి పట్టారు. మాస్టారు ఎడమ కిటికీ దగ్గర భోషాణం మీద కూర్చున్నాడు. ఒరిగిన ఇంటికి ఎడమ కిటికీ నేలకు దగ్గర. వేరుశనగ చేలల్లో పిచ్చుకలు, మంద వెంట కుంటుకుంటూ వెనకబడిన గొర్రెపిల్ల, చింతచెట్టు నీడలో సద్ది మూట విప్పుకుంటున్న ఆడవాళ్ళు, అన్నీ చేతికందేంత దగ్గర. "చూశావా" అని పక్కకు తిరిగి అనబోయి, భోషాణం మీద చెయ్యి వేశాడు.

ముందు నుంచి ఖాదర్ వలి అన్నాడు, "సార్, ఒక ఉపాయముండాది. ఆడ వాలు నేల సూసి, ఎడమ చక్రాలు మెరక మీద, కుడి చక్రాలు పల్లంలో పెడ్తా. ఇల్లు సక్కగా కనపడ్తాది. మీ అక్క ఎక్కినాక మెల్లగా తోలుకుంటాం."

"అది మోసం కదా, ఖాదరూ."

"మోసం కాదు సార్. డ్రైవింగు."

మాస్టారు వీకోట దాకా ఒప్పుకోలేదు. వీకోట దాటాక ఏమీ అనలేదు.

కుప్పంలో స్టేషను దారిన అలాంటి వాలు దొరికింది. బండి గీటు గీసినట్టు నిటారుగా నిలిచింది. అక్కమ్మ మూట చంకన పెట్టుకుని వసారా దిగి వచ్చింది. సన్నటి మనిషి, చూపు మాత్రం తూనికరాయి లాంటిది. ఇంటిని చూసింది. నేలను చూసింది. మళ్ళీ ఇంటిని చూసింది.

"ఇల్లు సక్కగానే ఉండాది. నేలే వంకరగా ఉండాది," అంది. "బండిని రోంత ముందుకు తోలప్పా."

ఖాదర్ వలి మాస్టారి వంక చూశాడు. మాస్టారు ఆకాశం వంక చూశాడు. బండి ముందుకు కదిలి చదును నేల మీదికి వచ్చి, కిర్రుమని ఎడమకు ఒరిగింది.

"ఒరే నరసింహా. ఇది ఒరిగిన ఇల్లే గదరా."

"భూమి కూడా ఒరిగే తిరుగుతోంది అక్కా."

"భూమికి గోడల్లేవు."

ముప్పై ఏళ్ళ భూగోళానికి ఇంత గట్టి జవాబు ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పలేదు. అక్కమ్మ మూట సర్దుకుని వెనక్కి తిరిగింది. మాస్టారు బతిమాలలేదు. గోడ కూలిన రాత్రి సంగతి ఆయనకూ తెలుసు. ఆమె అటు నడుస్తుంటే ఆయన చేతిలో నిమ్మకాయ పట్టుకుని, బడిలో జవాబు రాని పిల్లవాడిలా నిలబడ్డాడు.

నాలుగడుగులు వేసి ఆమె ఆగింది. తమ్ముడి కాపురం ఎలా ఉందో చూడకుండా పోవడం ఏ అక్కకు చేతనవుతుంది? వచ్చి, కాలు మాత్రం కిందే ఉంచి, మెడ చాచి తలుపులోంచి చూసింది.

"ఆ మూల ఉండేది మునిలక్ష్మి రోలు గదా."

ఖాదర్ వలి చప్పున స్టేషను వైపు తిరిగి, లేని రైలు కోసం చూడసాగాడు.

మాస్టారు రోలు వంక చూశాడు. గఫార్ షెడ్డులో ఊరంతా చేరి మాట్లాడింది. పుంగనూరు సంత సగం కదిలి వచ్చింది. ఇరుసు మాటలు, గాలి మాటలు, దిష్టి మాటలు. అన్ని మాటల్లో ఆ పేరు ఒక్కసారి కూడా వినబడలేదు. ఆమె పోయిన దగ్గర్నుంచీ ఆయన ముందు ఎవరూ ఆ పేరు ఎత్తలేదు.

"అవునక్కా," అన్నాడు.

"నాకిస్తానని చెప్పి చెప్పి, ఇయ్యకుండానే పాయె. పిసినారిది."

"నీకెప్పుడు చెప్పింది?"

"నీకు తెలీకుండా శానా చెప్పింది లే. అన్నం తినేటప్పుడు గూడా పటం సూసుకుంటా కూసుంటావని చెప్పింది. మజ్జిగ అనుకొని కుడితి తాగినావంట ఒకనాడు."

"రెండు గుక్కలే, అక్కా."

ఖాదర్ వలి భుజాలు అదురుతున్నాయి. మాస్టారు కూడా నవ్వేశాడు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆమె సామానంతా ఒక పక్కే యాల పెట్టినావురా?"

"ఎడమ పక్క ఆమెది కదా అక్కా. పీటల మీద ఎడమ పక్కే కూర్చునేది."

"పీటల మీద కూసునింది ఎన్నిసార్లురా, ఏడాదికి రెండుసార్లా? తక్కిన దినాలు యాడుండె? పొయ్యికాడ ఉండె, వాకిట్లో ఉండె, నీళ్ళ తొట్టికాడ ఉండె, నీ నెత్తి మీద ఉండె. ఇల్లంతా తిరిగిన మనిషిని తెచ్చి ఒక మూలకు తోసినావే."

మాస్టారు బండి ఎక్కి, భోషాణం ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస పట్టడానికి ఖాదర్ వలి పిలవకుండానే వచ్చాడు.

భోషాణం కుడి పక్కన మంచం కాళ్ళ దగ్గరికి పోయింది. రోలు తలుపు పక్కన, రుబ్బుకుంటూ దారిన పోయేవాళ్ళను చూడటానికి వీలుగా పెట్టమని అక్కమ్మ కింద నుంచే చెప్పింది. బిందెలు ఒకటి ఇటు, ఒకటి అటు. కాగు వెనక కిటికీ కింద. తిరగలి ఎడమ పక్కనే ఉండనీ అంది. ఒక్కొక్క సామాను కదిలినప్పుడల్లా ఇల్లు పిసరంత లేచింది. చివరికి బండి లోపలి లాంతరు గోడకు సమంగా వేలాడింది.

అక్కమ్మ కుడికాలు పెట్టి ఎక్కింది.

మాస్టారు కిందికి దిగి, ఖాదర్ వలిని పక్కకు పిలిచాడు. "నీకు ముందే తెలుసా?"

"మదనపల్లెలోనే సార్. గఫార్‌కూ తెలుసు. ఆ తిమ్మప్పకు గూడా కిటికీకాడనే తెలిసిపాయ."

"మరి ఒక్కరూ చెప్పలేదే."

ఖాదర్ వలి బండి రేకు మీది దుమ్మును వేలితో తుడుస్తూ అన్నాడు, "కమాను కట్టయితే మారుస్తామని అడగొచ్చు సార్. అమ్మ రోలు తియ్యమని ఎట్లడిగేది."

జాకీలు పెట్టి, చక్రాలూడదీసి, ఆవును ఎక్కించి, నేలను వంకర చేసి, ఒక్క మాట అనలేక ఇంతమంది పడిన కష్టం మాస్టారికి అప్పుడు అర్థమైంది. గఫార్ వెనక్కి పెట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి. తిరుగుదారిలో పుంగనూరులో ఆగి, తిమ్మప్పకు ఆ రోలు ఎవరిదో చెప్పాలనుకున్నాడు. చెంబు ఎలాగూ తిరిగి ఇవ్వాలి.

లోపలికి పోయి, అలవాటు కొద్దీ నిమ్మకాయను నట్టనడుమ పలక మీద పెట్టాడు. అది కదలలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. అక్కమ్మ వంగి దాన్ని తీసుకుని, కత్తిపీట మీద రెండు ముక్కలు చేసి మజ్జిగలో పిండింది.

"ఇంగ దీంతో పనేముండాది," అని మాస్టారికో గ్లాసు, ఖాదర్ వలికో గ్లాసు అందించింది. "మజ్జిగేరా. సూసి తాగు."

అయినా సరే, నా వాదన నాదే. ఒరిగిన ఇల్లే మేలు! మాస్టారి ఇల్లు నిటారయ్యాక ఆయనకు పట్టిన గతి చూడండి. కళ్ళజోడు ఏ మూల ఉందో తెలియదు. చారు నాలుగు దిక్కులా పారుతోంది. అప్పడం తడిసిపోతోంది. వచ్చిన చుట్టాలు కదలడం లేదు.

కనక మీ వీధిలో ఒరిగిన ఇల్లు ఏదైనా ఉంటే మీరు చెయ్యవలసింది మనవి చేస్తాను. టైర్లలో గాలి చూడండి. ఇరుసు చూడండి. కమాను కట్టలు మార్చండి. సలహాలు చెప్పండి, బల్ల వేసుకుని మరీ చెప్పండి. ఆవును కూడా ఎక్కించండి. ఆ ఇంటాయన ముందు, పోయిన ఇల్లాలి పేరు మాత్రం పొరపాటున కూడా ఎత్తకండి. ఎత్తారా, ఇల్లు నిటారైపోతుంది. ఆ తర్వాత ఆయన కళ్ళజోడు మీరే వెతికిపెట్టాలి!